చక్కెర లేని షర్బత్తు

సిగ్నేకి ఒళ్ళు మండిపోతోంది. భోజనానికి కూర్చున్న దగ్గర్నుంచీ మొగుడు ఐవిన్ది ఒకటే పాట, "గున్‌వోర్‌కి ఎంత శ్రద్ధో!" అని. పెళ్ళికి ముందు మొగుడుగారు ప్రేమించిన మనిషి ఈ గున్‌వోర్. ఆ సంగతి ఫియోర్డు అనే సముద్రపు పాయ ఒడ్డునున్న ఊరంతటికీ గుర్తుంది, అతనొక్కడే మరిచిపోయినట్టు నటిస్తాడు.

ఆ ఆదివారం విందు గున్‌వోర్ ఇంట్లోనే. అందరికీ గొర్రెమాంసం, కాబేజీ కలిపి ఉడికించిన కూర. సిగ్నేకి మాత్రం వేరే గిన్నెలో ఒట్టి కాబేజీ. మాంసకృత్తుల్లో ఉండే ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఆమె ఒళ్ళు పుట్టినప్పటినుంచీ అరిగించుకోలేదు. ఎప్పుడూ పథ్యమే. ఇప్పుడు కడుపుతో ఉంది కూడానూ. ఆ ఆమ్లం రక్తంలో పెరిగితే బిడ్డ మెదడు దెబ్బతింటుంది. అందుకే వారం వారం వేలు గుచ్చుకుని రక్తం పరీక్షకు పంపుతోంది.

"నీకోసం షర్బత్తు కూడా వేరే తెచ్చాను. చక్కెర ఒక్క పలుకు లేదు. అన్నీ మానేయాలి కదా, పాపం!" అంటూ గున్‌వోర్ గ్లాసు పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. బంగాళదుంపలు తెస్తానని ఐవిన్ వెనకాలే లేచాడు.

పాపమట! సిగ్నే ఒక్క చుక్క నాలుకకు తగిలించింది. చక్కెర బదులు వేసే దొంగ తీపి! అందులో ఉన్నదే ఫినైల్‌అలనిన్. చిన్నప్పుడు ఒకసారి తాగి అమ్మచేత చీవాట్లు తిన్న రుచి.

వంటింట్లో ఇద్దరూ పకపకా నవ్వారు.

తాగితే? పరీక్షలో అంకె ఎగురుతుంది. ఎవరిచ్చారని ఆసుపత్రిలో అడుగుతారు. ఇక ఐవిన్ జన్మలో ఈ గడప తొక్కడు. సిగ్నే గ్లాసెత్తి గటగటా తాగేసింది.

"తాగకు!" ఐవిన్ షర్బత్తు సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. దానిమీది సన్న అక్షరాలు చదివినట్టున్నాడు.

"అయ్యయ్యో, చక్కెర లేకపోతే మంచిదనుకున్నానే!" గున్‌వోర్ ఏడుపు మొహం పెట్టింది.

ఐవిన్ ఆమెకేసి చూడనే లేదు. ఖాళీ గ్లాసు చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. "మా అమ్మ పొరపాటున ఇలాంటిదే ఇచ్చినప్పుడు పెదవికి తగలగానే పక్కన పెట్టేశావు. తెలిసే తాగావా?"

"మీ నవ్వులు వినపడ్డాయి," అంది సిగ్నే.

"ఒక్క గ్లాసుకి కొంప మునగదేమో. కానీ నువ్వు మునగాలనే తాగావు," అన్నాడతను. "కుళ్ళుంటే నా చొక్కా పట్టుకో, దాని జుట్టు పట్టుకో. కడుపులో ఉన్నది నిన్నేం చేసింది?"