ఒళ్ళున్న వైన్

మా ఆయన గుటక వేసినప్పుడల్లా నా గొంతు కదులుతుంది. పక్షవాతం వచ్చి, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక మా ఇంట్లో భోజనమంటే ఇంతే. ఆయన తింటారు, నేను భయపడతాను. నడక కర్రతో సర్దుకుంది గానీ గొంతు మొండికేసింది. మనకైతే గుటక దారి తప్పితే పొలమారుతుంది, ఉక్కిరిబిక్కిరవుతాం, పక్కనున్నవాళ్ళు నెత్తిన తట్టి ఎవరో తలుచుకుంటున్నారంటారు. ఆయనకు దగ్గయినా రాదు. మొదట్లో ఓసారి టీ అలాగే ఊపిరితిత్తుల్లోకి పోయింది. నవ్వుతూ కప్పు కింద పెట్టిన మనిషి మర్నాటికల్లా జ్వరంతో ఊపిరందక కొట్టుకున్నాడు.

ఇంకోసారి అలా జరిగితే పొట్టకు గొట్టం వేస్తామని పెద్ద డాక్టరు చెప్పాడు. తిండి అందులోంచే పోతుందట, ఇక నోటితో పనుండదట. ఇటాలియన్ రెస్టారెంట్లో వైన్ సీసాలు తెరిచి, వాసన చూసి, ఏ వంటకు ఏది జోడో చెప్పి బతికిన మనిషికి నోటితో పనుండదట! అక్కడి వంటవాళ్ళు ఆయన్ని సీసాల బాబాయి అనేవారు. సీసా మూత తీసేలోగా ఊరందరి కబుర్లూ చెప్పేసేవారు. ఇప్పుడు మాట కాస్త వంకరపోయేసరికి పరువు పోతుందని నోరు కుట్టేసుకున్నారు. కావాలంటే వేలు చూపిస్తారు, వద్దంటే కళ్ళు మూసుకుంటారు.

మింగడం నేర్పడానికి ఒకమ్మాయి వారం వారం వస్తుంది. నేను మింగుడు డాక్టరమ్మ అంటాను. గడ్డం ఛాతీకి ఆనించి మింగడం ఆయనకు నేర్పింది తనే. నాకేమో తెల్లటి పొడి డబ్బా ఒకటి ఇచ్చింది. దేంట్లో కలిపినా చిక్కబడుతుంది. చిక్కటిది మెల్లగా జారుతుంది కాబట్టి దారి తప్పదట. మంచినీళ్ళు కూడా జావలా చేసి చెంచాతో పెట్టేదాన్ని. ఓసారి నేనూ రుచి చూశాను. జిగురు మింగినట్టుంది. ఆ రోజు ఆయన్ని తాగమని బతిమాలడానికి నాకు నోరు రాలేదు.

మొన్న వచ్చినప్పుడు డాక్టరమ్మ మంచి మాట చెప్పింది. గొంతు కాస్త మెరుగయింది, ఇక మధ్యరకం చిక్కదనం దాకా ఇవ్వొచ్చు, బాగా పలచనివి మాత్రం వద్దు అంది. ఆమె గుమ్మం దాటిందో లేదో, ఆయన వేలు అలమరా మీదున్న సీసా వైపు తిరిగింది. పని మానేసిన రోజు రెస్టారెంటు వాళ్ళు ఇచ్చిన ఎర్ర వైన్. పెద్ద డాక్టరుకు ఫోన్ చేస్తే తిండితో పాటు అరగ్లాసు లోపు పర్వాలేదన్నాడు. మందుల సంగతి అడిగానే గానీ చిక్కదనం సంగతి అడగలేదు. అది నాకు తెలుసనుకున్నాను.

వైన్ గురించి నాకు తెలిసిందల్లా ఆయన చెప్పిందే. పెళ్ళయిన కొత్తలో, వైన్‌కి ఒళ్ళుంటుందని ఆయనంటే పడీపడీ నవ్వాను. సన్నపు ఒళ్ళు, నడితరం ఒళ్ళు, భారీ ఒళ్ళు అట. వెన్న తీసిన పాలకూ, మామూలు పాలకూ, మీగడకూ నోట్లో ఎంత తేడా ఉంటుందో అంత తేడా అనేవారు. టమాటాలతో వండిన మాంసానికి ఇటలీ పద్ధతిలో చేసిన ఎర్ర వైన్, అందులోనూ నడితరం ఒళ్ళున్నదే సరిజోడు అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవారు. ఈ సీసా వెనకా అదే రాసుంది. నడితరం అంటే మధ్యరకమే కదా. పొడి డబ్బా మూత తియ్యలేదు.

ఆదివారం మధ్యాహ్నం మాంసం మెత్తగా ఉడికించి, టమాటా గుజ్జులో మెదిపి పెట్టాను. నేను గ్లాసుల్లో వైన్ పోస్తుంటే ఆయన నన్ను చూశారు, పొడి డబ్బాను చూశారు, మళ్ళీ నన్ను చూశారు. వేలు ఎత్తలేదు. గడ్డం ఛాతీకి ఆనించి చిన్న గుటక వేసి కళ్ళు మూసుకున్నారు. వద్దేమోనని గ్లాసు తీసుకోబోతే వదల్లేదు. ఓ ముద్ద, ఓ గుటక, మళ్ళీ ముద్ద. నేనూ రుచి చూశాను. ఉత్తగా తాగితే వగరుగా నాలుక పట్టేసింది గానీ, ముద్ద తిన్నాక తాగితే ఆ వగరంతా ఎటు పోయిందో, మాంసానికి కొత్త రుచి వచ్చింది. ఇన్నాళ్ళకు ఆయన గొంతు వంక చూడకుండా నా కంచంలోది నేను తిన్నాను.

ఆ సంబరం పట్టలేక డాక్టరమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. పొడి ఎన్ని చెంచాలు వేశారని అడిగింది. పొడెందుకు, ఇది నడితరం ఒళ్ళున్నదేగా అన్నాను. 

"అమ్మా, వైన్ నీళ్ళంత పలచనే. ఒళ్ళు అనేది రుచి చెప్పే మాట. ఎంత తాగారు?"

ఆయన గ్లాసు అడుగున ఎర్రటి చుక్క మిగిలింది. ఆయన్ని మాట్లాడించమంది డాక్టరమ్మ. గొంతు పుక్కిలిస్తున్నట్టు గురగురమంటే లోపలికి పోయినట్టే, వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి. పొడిగా ఉంటే కాస్త ధైర్యం, జ్వరం మాత్రం కనిపెట్టి ఉండాలి.

"ఏమండీ, ఒక్కసారి 'ఆ' అనండి."

ఆయన పెదాలు బిగించి, ఫోన్ వైపు చూసి మొహం తిప్పుకున్నారు. పరాయి మనిషి వింటుంటే ఆ వంకర మాట బయటపెడతారా? బతిమాలాను, తిట్టాను, గొట్టం సంగతి గుర్తు చేశాను. ఛాతీకి చెవి ఆనించి విన్నాను. దడదడ వినిపించింది, అది ఆయనదో నాదో తెలియలేదు. నా చేతులారా నేనే పోశాను, పొడి కలపకుండా మరీ పోశాను. నోరు తడారిపోయింది. చేతికందిన నా గ్లాసు ఎత్తి గటగటా తాగేశాను.

పొలమారింది. ముక్కులోంచి వైన్, కళ్ళలోంచి నీళ్ళు. బల్ల పట్టుకుని వంగిపోయాను. దగ్గు ఆగడం లేదు, ఊపిరి అందడం లేదు. అప్పుడు నా నెత్తిన చెయ్యి పడింది. మెల్లగా తట్టింది.

"నేనే," అన్నారు. "తలుచుకుంది నేనే."

వంకరగానే వచ్చింది ఆ మాట. 'త' కాస్తా 'ద' అయింది. దగ్గుతూనే, చెయ్యెత్తి, మళ్ళీ అనమని సైగ చేశాను. మళ్ళీ అన్నారు. గొంతులో తడి లేదు, గురగుర లేదు. ఫోన్లోంచి డాక్టరమ్మ, నేనూ విన్నానమ్మా, పొడిగానే ఉంది, జ్వరం చూస్తూ ఉండండి అంది.

వైన్ పలచనిదని మీకు ముందే తెలుసు కదా అని నిలదీశాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. మూసిన కళ్ళ కింద మూతి నవ్వుతోంది. కోపంతో ఒళ్ళు మండింది గానీ, ఆయన నుదుటి మీద వేసిన చెయ్యి మాత్రం తియ్యలేకపోయాను. నుదురు చల్లగానే ఉంది. అయినా భయమే.

"మళ్ళీ అనండి," అన్నాను.