సవతి బిళ్ళ

ఉమామహేశ్వరి మెడలో రెండు పుస్తెల పక్కన ఇంకో బంగారు బిళ్ళ ఉండేది. గోరంత బిళ్ళ. దాని మీద హంసిక కన్ను పడి చాలా కాలమైంది.

అది హంసిక తల్లి మీనాది. మీనా పోయిన కొన్నాళ్ళకు దివాకర్ ఉమామహేశ్వరిని చేసుకుని అమెరికాలో తానుండే ఫార్మింగ్టన్ హిల్స్‌కు తీసుకొచ్చాడు. అలా రెండో భార్యగా వచ్చిన మనిషి, పోయినావిడ గుర్తుగా మెడలో ఒక బిళ్ళ కట్టుకోవడం వాళ్ళ వైపు ఆచారం. కట్టుకోకపోతే పోయినావిడ చూపు పుట్టబోయే పిల్లల మీద పడుతుందని భయం. నాయనమ్మ మీనా పుస్తెలు కరిగించి బిళ్ళ చేయించింది. పక్కన నిలబడి ఏడుస్తున్న మనవరాలిని ఊరుకోబెట్టడానికి, "పెద్దయ్యాక నీకే ఇప్పిస్తాలేవే" అంది. పిల్లల నోరు మూయించడానికి పెద్దవాళ్ళు అనే మాటలు పెద్దవాళ్ళకు గుర్తుండవు. నాయనమ్మ కూడా ఆ మాట మరిచిపోయి, హాయిగా తన దారిన తాను పోయింది.

కొత్త చీర కొన్నా, పండక్కి పరమాన్నం వండినా ఉమామహేశ్వరి ముందు ఆ బిళ్ళకు తాకించి, "ముందు నీకే మీనక్కా" అనేది. ఆ ఇంట్లో మీనా పేరు పలికేది ఆవిడొక్కతే. దివాకర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కొత్త భార్య బాధపడుతుందని తనే అనుకుని, మీనా ఫోటో బేస్‌మెంట్‌లో పెట్టేసిన ఘనుడు. హంసికకు మాత్రం ఆ 'మీనక్కా' వినపడితే ఒళ్ళు మండేది. మా అమ్మను మెళ్ళో వేసుకుని తిరుగుతోంది అనుకునేది.

ఒకసారి అడిగేసింది కూడా. "పిన్నీ, అది నాది కదా. యూ నో దట్. ఇచ్చేయి."

"ఇస్తాను హంసీ. వేదూ కాస్త కుదుటపడనీ. ఇప్పుడు తియ్యాలంటే నాకు భయం."

వేదాంత్ ఆవిడ కొడుకు. అయిదేళ్ళొచ్చినా కాళ్ళకు ఊతపట్టీలు కడితే తప్ప నిలబడలేడు. మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాడెప్పుడు కుదుటపడాలి, తనకెప్పుడు బిళ్ళ రావాలి అని హంసిక పళ్ళు నూరుకుంది. వచ్చే ఏడు కాలేజీకి వెళ్ళిపోతుంది. వెళ్ళేలోగా అది చేతిలో పడాలి.

దారి హిస్టరీ క్లాసులో దొరికింది. వాళ్ళ టీచర్‌కు ఒక అలవాటు. ఏటా వసంతంలో ఏదో ఒక పాత తగువును కోర్టు కేసుగా ఆడిస్తాడు. పిల్లలు లాయర్లు, సాయంత్రం వచ్చిన తల్లిదండ్రులు జ్యూరీ. చేతులెత్తి తీర్పు చెప్పాలి. ఆ ఏడు వంతు పదిహేడో శతాబ్దపు యుద్ధానిది. స్పెయిన్ రాజు చనిపోయాడు. మొదటి భార్య కూతురు అప్పటికే ఫ్రాన్స్ రాణి. రెండో భార్య కొడుకు పసివాడు, వాడికే కిరీటం పెట్టారు. ఫ్రాన్స్ రాజు లూయీ ఊరుకుంటాడా? రెండో పెళ్ళి కొడుక్కంటే ముందు మొదటి పెళ్ళి కూతురికే హక్కని నెదర్లాండ్స్‌లో ఎక్కడో ఆచారం ఉందట. దాన్ని పట్టుకుని, నా భార్య ఆస్తి అంటూ సైన్యంతో మీద పడ్డాడు. పేరు పెళ్ళానిది, ఊళ్ళు తనవి. అల్లుళ్ళ బుద్ధి ఏ దేశంలోనైనా అంతే.

హంసిక చెయ్యెత్తి మరీ ఫ్రాన్స్ తరఫున లాయరయింది. నాన్న వస్తాడు. మొదటి భార్య కూతురిదే హక్కని అందరి ముందు చెయ్యెత్తుతాడు. ఆ రాత్రే ఇంట్లో ఆ మాట పట్టుకుని బిళ్ళ అడగాలి. ఇదీ దాని లెక్క.

అనుకున్నట్టే అందరూ వచ్చారు. ఉమామహేశ్వరి వేదాంత్‌ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముందు వరసలోనే కూర్చుంది. స్పెయిన్ తరఫున హంసిక క్లాస్‌మేట్ ఆద్య లేచి చక్కగా వాదించింది. ఆ ఆచారం ఇళ్ళకూ పొలాలకే గాని రాజ్యాలకు కాదు, పైగా ఆ రాణి పెళ్ళప్పుడే హక్కులన్నీ వదులుకుంటూ సంతకం పెట్టింది అంది. తలలు ఆద్య వైపు ఊగాయి. దివాకర్ తల కూడా ఊగింది. హంసిక అది చూసింది.

చూసి, రాసుకున్నది పక్కన పెట్టేసింది. హక్కు సంగతి తర్వాత, అసలు స్పెయిన్‌లో కిరీటం పెట్టిన ఆ పిల్లవాణ్ణి చూశారా అంది. అయిదేళ్ళొచ్చాయి, ఎవరో ఒకరు పట్టుకుంటే గాని నిలబడలేడు, మాట రాదు అంది. అంతవరకూ పుస్తకంలో ఉన్నదే. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. "నోట్లో ముద్ద పెడితే మింగడం మరిచిపోయి బుగ్గలోనే పెట్టుకుని కూర్చుంటాడు. ఎవరైనా బుగ్గ నొక్కాలి. వాడు ఎప్పటికీ బాగుపడడు. వాడు బాగుపడతాడని ఒక తల్లి కాచుకుని కూర్చుంటే, ఇంకొకరి హక్కు ఆగిపోవాలా?" అంది ఇంగ్లీషులో, గొంతు వణక్కుండా.

ముద్ద, బుగ్గ ఏ పుస్తకంలోనూ లేవు. అక్క గొంతు విని వేదాంత్ సంబరంగా చప్పట్లు కొట్టాడు. ఎవరో నవ్వారు.

చేతులెత్తమన్నారు. దివాకర్ చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి. ఉమామహేశ్వరి మాత్రం కొడుకును ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి నిటారుగా ఎత్తింది, ఫ్రాన్స్‌కు. కేసు హంసిక గెలిచింది.

ఇంటికొచ్చాక ఉమామహేశ్వరి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మెడలో గొలుసు తీసింది. పిన్నుతో బిళ్ళ కొక్కెం విప్పడం మొదలుపెట్టింది.

"అదేంటి ఉమా," అన్నాడు దివాకర్. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. అది స్కూల్ ప్రాజెక్ట్."

"మీరు ఊరుకోండి," అని, ఆవిడ బిళ్ళ తీసి హంసిక ముందు పెట్టింది. "తీసుకో. కేసు గెలిచావు, నేనూ చెయ్యెత్తాను."

"పిన్నీ, నేను వేదూని అనలేదు. ఐ మీన్..."

"అన్నావు. మీ అమ్మ చూపు నా బిడ్డ మీద పడకూడదని ఇన్నేళ్ళు దీన్ని మోశాను. అన్నిటికీ ముందు ఆవిడకే పెట్టాను. అంతా చేస్తే చూపు ఎటు నుంచి పడిందీ? నీ నోట్లోంచే పడింది. ఇంకెందుకు నాకిది? మీ అమ్మకూ నాకూ ఇవాళ్టితో సరి."

పెదవి దాటితే పృథ్వి దాటుతుందంటారు. హంసిక సారీ చెప్పింది. మర్నాడూ చెప్పింది. ఉమామహేశ్వరి కోపంగా లేదు. వేళకు అన్నం పెట్టింది, రైడ్ ఇచ్చింది, కాలేజీకి కావలసినవన్నీ కొంది. ఎవరూ వేలెత్తి చూపలేనంత బాగా చూసుకుంది.

వేదాంత్ పుట్టినరోజొచ్చింది. హంసిక బిళ్ళను సన్నటి గొలుసుకు వేసుకుని, వంటింట్లో పిన్నికి ఎదురుగా వెళ్ళి నిలబడింది. కౌంటర్ మీద కొత్త చీర ఉంది, పరమాన్నం ఉంది. తాకిస్తుందని ఆశ. ఒక్కసారి ఆ పేరు వింటే చాలనిపించింది. ఎన్నేళ్ళు ఏ పిలుపుకు ఒళ్ళు మండిందో, ఆ పిలుపు కోసమే ప్రాణం కొట్టుకుంది. ఉమామహేశ్వరి కత్తెరతో చీర ట్యాగ్ తెంపి, చీర భుజాన వేసుకుని, కొడుకుకు పరమాన్నం కలిపింది.

కుర్చీలో ఉన్న వేదాంత్ అక్క మెడలో బిళ్ళను చూశాడు. వాడికొచ్చిన నాలుగు మాటల్లో అదొకటి. రోజూ విని నేర్చుకున్నది. వేలు చూపించి, "మీ...నక్కా" అన్నాడు.

"ఆ మాట వద్దు నాన్నా," అంది ఉమామహేశ్వరి, ముద్ద వాడి నోట్లో పెడుతూ. పెట్టి, మెల్లగా బుగ్గ నొక్కింది. వాడు మింగాడు. తర్వాత మళ్ళీ అనబోతే మళ్ళీ ముద్ద పెట్టింది.

హంసిక కాలేజీకి బయల్దేరే రోజున, గుమ్మంలో వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని బిళ్ళ చూపించింది. "ఇదెవరు వేదూ? చెప్పు. ప్లీజ్." వాడు దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, అక్కను చూసి నవ్వాడు. ఆ మాట వాడికి గుర్తు లేదు.