చప్పట్ల గది

"పాత్ర ఏదో ఒకటి కోరుకోవాలి. కోరిక లేని పాత్ర..." అన్నచోట గొంతు పట్టేసింది. పాఠాలమ్మ ఆగి, మైకు ముందు ఒక్కసారి చప్పట్లు చరిచి, మళ్లీ మొదటినుంచి అందుకుంది. "పాత్ర ఏదో ఒకటి కోరుకోవాలి."

అది ఆ గది కట్టుబాటు. చదువుతుంటే తప్పు దొర్లిందనుకోండి, చేతులు చరిచి ఆ వాక్యాన్ని మొదటినుంచి చదవాలి. అద్దం అవతల కూర్చునే బొత్తాల బాబాయ్ తర్వాత కంప్యూటర్ తెర మీద ఆ చప్పుడు ఎక్కడెక్కడ నిక్కబొడుచుకుందో చూసి, దాని ముందున్న తప్పుముక్కను కోసిపారేస్తాడు. చూపులేని విద్యార్థుల చెవికి చేరేసరికి పాఠంలో ఒక్క తడబాటూ ఉండదు.

కాలేజీ లైబ్రరీ వెనక, మారుమోగకుండా గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించిన ఇరుకు రికార్డింగ్ గది అది. చప్పుడొస్తుందని ఫ్యాను వెయ్యరు. ఆ ఉక్కలో కూర్చుని పుస్తకాలు పైకి చదవడమే పాఠాలమ్మ ఉద్యోగం. పొట్టి మనిషి. ఏళ్ల తరబడి మైకు వైపు వంచీ వంచీ మెడ కాస్త ఎడమకు ఒరిగిపోయింది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు తమ మాటలు వింటోందనుకుని సర్దుకుంటారు. చరిత్ర, ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం, ఆమె చదవని శాస్త్రం లేదు. ఒక్కటీ తలకెక్కలేదు. పేజీ తిప్పగానే వెనక పేజీ మరిచిపోకపోతే ఈ ఉద్యోగంలో పిచ్చెక్కుతుంది.

ఇప్పుడు చదువుతున్నది సాహిత్య విద్యార్థుల పుస్తకం. కథ అంటే ఏమిటి, అందులో ఏమేం ఉండాలి అని వరసగా చెబుతుంది. పాత్ర ఉండాలట, నేపథ్యం ఉండాలట, సంఘర్షణ లేకపోతే అది కథే కాదట. రాసిన పెద్దమనిషి ఎవరో గానీ మహా ధీమాగా రాశాడు. "దృష్టికోణం" అన్న ప్రకరణం దగ్గర మాత్రం పాఠాలమ్మ మొన్న కాస్త నసిగింది. చూపులేని పిల్లల ముందు ఆ మాట ఎలా అనడమా అని.

ఈ పూట ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ పుస్తకం పూర్తి కావాలి. గొంతులో కణితి ఉంది. రేపు ఆపరేషన్. మనిషి దక్కాలంటే గొంతు పోక తప్పదని డాక్టరు చెప్పేశాడు. సిలబస్ మారినప్పుడల్లా ఆమె చదివిన పాత పాఠాలన్నీ చెరిపేస్తూ వచ్చారు. ఇదొక్కటే కొత్తది, ఇదొక్కటే మిగిలేది. అయితే ఇకపై పుస్తకాలు చదవడానికి యంత్రం వచ్చింది. పై ఆఫీసరు ఖరాఖండిగా చెప్పాడు, ఒక పుస్తకానికి ఒకే గొంతు ఉండాలని. ఆమె పూర్తి చేస్తే ఆమె గొంతే ఉంచుతారు. ఆఖరి ప్రకరణం మిగిలిపోయిందా, మొదటినుంచీ యంత్రమే చదువుతుంది.

మళ్లీ గొంతు పట్టేసింది. మళ్లీ చప్పట్లు.

"ఏంటమ్మాయ్, పాఠం కన్నా చప్పట్లే ఎక్కువున్నాయ్. ఇదేమన్నా సన్మాన సభా?" అన్నాడు బాబాయ్ స్పీకర్లోంచి. నవ్వించాలని అన్నాడు. ఆమె నవ్వింది కూడా, కానీ నవ్వుకు చప్పుడు రాలేదు.

చేతులు చరిచే అలవాటు ఇంటికీ పాకింది. కూరలో ఉప్పెక్కువైంది అనబోయి తక్కువైంది అంటే, చప్పట్లు చరిచి మాట దిద్దుకుంటుంది. "ఒసేయ్, ఇంట్లో కూడా ఏంటే ఆ తాళం?" అని అక్క కసురుతుంది. భర్త పోయి చెల్లెలి పంచన చేరిన మనిషి అయినా, ఇంట్లో మాట్లాడే హక్కంతా అక్కదే.

ఒకప్పుడు లైబ్రరీలో పుస్తకాలు కుట్టే ఆయన ఒకడుండేవాడు. గోళ్లకెప్పుడూ జిగురు అంటుకుని ఉండేది. ఓ మధ్యాహ్నం ఈ గది గుమ్మంలో నిలబడి, "మనిద్దరం ఒకే ఇంట్లో ఉంటే బావుంటుందేమోనండీ" అన్నాడు. ఆమె కంగారులో నోటికొచ్చిన మాట అనేసింది. "అక్క ఒంటరిదైపోతుందండీ, వద్దులెండి." ఆయన వెనక్కి తిరిగాడు. తప్పు మాట్లాడానని ఆమెకు అప్పుడు తెలిసింది. గబుక్కున చప్పట్లు చరిచింది. ఆ మాట కొట్టేయండి, మళ్లీ చెబుతాను అని ఆమె భావం. ఆయన పుస్తకాలు కుట్టేవాడే తప్ప ఈ గదివాడు కాదు. వెక్కిరిస్తోందనుకున్నాడు. చెవులు ఎర్రబడి, తల దించుకుని వెళ్లిపోయాడు. కొద్దిరోజులకే వేరేచోట పని చూసుకున్నాడు. ఆమె మళ్లీ చెప్పాలనుకున్న వాక్యం అలాగే ఉండిపోయింది.

భోజనాల వేళ వరండాలో బల్ల మీద ఒక విద్యార్థిని కూర్చుని ఉంది. చేతికర్ర ఒళ్లో పెట్టుకుని, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని పెదాలు కదుపుతోంది. "సంఘర్షణ లేకపోతే అది కథే కాదు" అంటోంది. పోయిన నెల మచ్చుకు పంచిపెట్టిన భాగం అది. ప్రతి వాక్యం చివరా పాఠాలమ్మ ఆగినట్టే ఆగుతోంది, అచ్చం ఆమె విరుపే. పాఠాలమ్మకు ఒళ్లు పులకరించింది. పక్కన కూర్చుని, ఉన్న కాస్త గొంతూ కూడదీసుకుని, "ఏం వింటున్నావమ్మా?" అంది.

ఆ పిల్ల ఉలిక్కిపడి ఇయర్‌ఫోన్లు తీసింది. "ఎవరండీ? కొత్తగా చేరారా?"

ఒళ్లోంచి జారిన చేతికర్రను పాఠాలమ్మ అందుకుని ఆ పిల్ల చేతికిచ్చింది.

"కథ పాఠమండీ. ఈ మేడమ్ చదివితే నేను బట్టీ పట్టక్కర్లేదు. పక్కన కూర్చుని చెప్తున్నట్టే ఉంటుంది. మీకు తెలుసా ఆవిడ?"

"తెలీదమ్మా" అంది పాఠాలమ్మ. లేచి వచ్చేసింది. అంత ఏడుపు ఆమెకు ఎప్పుడూ రాలేదు. గొంతుకు మంచిది కాదని అది కూడా మింగేసింది.

మధ్యాహ్నం ఆఖరి ప్రకరణం మొదలుపెట్టింది. దాని పేరు "ముగింపు". పాత్ర కోరుకున్నది దక్కాలి, లేదా దక్కకుండా పోవాలి, ఏదైనా పాఠకుడికి అందాలి అని ఉంది అందులో. ఈసారి ఆమె ఎక్కడా ఆగలేదు. చప్పట్లు కొట్టలేదు. మాట పెగిలినా పెగలకపోయినా పేజీ తరవాత పేజీ పట్టుదలగా లాక్కొచ్చి, చివరి వాక్యం దాకా చదివి పుస్తకం మూసింది. జాకెట్టు వీపుకు అంటుకుపోయింది.

"బ్రహ్మాండంగా వచ్చిందమ్మాయ్!" అన్నాడు బాబాయ్. అంటూ బొత్తాల వైపు చూశాడు గానీ ఆమె వైపు చూడలేదు. పాపం, ఆయనకు అబద్ధం చేతకాదు.

ఆమె అవతలి గదిలోకి వచ్చి, వద్దంటున్నా వినకుండా హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. పొయ్యి ఊదినట్టు ఊపిరి వినిపించింది. మధ్యమధ్య ఒక మాట, సగం మాట. ఏ వాక్యం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెలియడం లేదు. చివరిదాకా విని హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టింది.

"యంత్రానికిచ్చేయ్ బాబాయ్."

"అదేంటే! రేపు పొద్దున వచ్చి ఒక్కసారి..."

"రేపా?"

బాబాయ్ బల్ల మీది హెడ్‌ఫోన్లు తన వైపు లాక్కున్నాడు. "పోనీ ఇదే ఉంచేద్దాం. పుస్తకమంతా బాగుంది కదా. ఈ నాలుగు పేజీలకి ఎవడు అడుగుతాడు?" అన్నాడు.

"పిల్లలకి అర్థం కావాలి కదా. చివర్లో ఏమైందో తెలియకపోతే ఎలా?" అంది ఆమె. అంత చిన్న మాట అనడానికి మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుంది.

గుమ్మంలో అక్క నిలబడి ఉంది, భుజాన బట్టల సంచితో. "ఇంకా చదువులేనా? చీకటి పడకముందే ఆస్పత్రిలో చేరాలన్నారు. కింద ఆటో ఆపి ఉంచాను" అని గదమాయించింది. తరవాత గొంతు తగ్గించి, "పద చిన్నదానా. గొంతు పోతే పోయింది, నువ్వుంటే చాలు నాకు. మన ఇద్దరి మాటలూ నేనే మాట్లాడతాను" అంది. చెల్లెలి రెక్క పట్టుకుని మెట్లు దింపింది. బాబాయ్ రెయిలింగ్ దాకా వచ్చాడు. పాఠాలమ్మ తలెత్తి ఏదో చెప్పబోయింది. ఆటో ఇంజను మోతలో అది వినిపించలేదు.

ఆపరేషన్ సవ్యంగానే జరిగింది. ఆమె బతికింది. ఆ గదికి మళ్లీ రాలేదు. కథ పుస్తకం యంత్రం గొంతుతో విద్యార్థులకు అందింది. ఎక్కడా తడబాటు లేదు, అన్ని వాక్యాలకూ ఒకటే ఆగడం. పాతది చెరిపేయమని పైనుంచి వచ్చిన మాటను బాబాయ్ కొన్నాళ్లు రేపు మాపు అని నెట్టుకొచ్చాడు. ఓ రోజు ఆఫీసరు పక్కనే నిలబడితే, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, బొత్తాం నొక్కాడు.

గదికి తాళం వేయబోతూ లోపలికి చూశాడు. మైకు ముందు గలగలలాడతాయని చదివేముందు రోజూ తీసి తగిలించే ఆమె గాజులు, గోడ మేకుకి రెండూ అలాగే ఉన్నాయి.