ఒంటి వేడి

ఆ రోజు పొద్దున రెండు చీరలు, నాలుగు చిట్టి టోపీలు సంచిలో సర్దడానికి కార్తీక చేసిన హడావుడి చూస్తే, ఎవరైనా ఆమె కాశీయాత్రకు బయల్దేరుతోందనుకునేవారు. సర్దింది, తీసింది, మళ్ళీ మడతపెట్టింది. మేజోళ్ళ జతలో ఒకటి కనబడక ఆసుపత్రి మంచం కింద దూరి వెతికితే, అది తన భుజం మీదే వేలాడుతోంది. తనలో తనే నవ్వుకుంది. నవ్వక ఏం చేస్తుంది, ఈ రోజు ఇంటికి వెళ్ళడం. నెలలు నిండకముందే తొందరపడి వచ్చేసిన ఇద్దరు బిడ్డలు, అద్దాల పెట్టెల్లోంచి, ముక్కుల్లోని గొట్టాల్లోంచి బయటపడి, ఇప్పుడు పక్కపక్కనే పడుకుని ఒకరి చెవి ఒకరు పట్టుకుని నిద్రపోతున్నారు.

తెల్లవారగానే అత్త పంకజవల్లి ఫోన్ చేసింది. “మద్యానం లోపల దా నల్లనేరం. అది తప్పితే రేపటిదాకా లేదు. బాలాజి కారు తీసుకోని వస్తాడు. ఆరత్తి కలిపి పెట్టినాను, లేటు చేయొద్దు.” వాళ్ళ తెలుగులో తమిళం కలిసిపోయి మంచి గడియ నల్లనేరమవుతుంది, మాట నొక్కాలంటే ‘దా’ చేరుతుంది. గడియ సంగతి ఎలా ఉన్నా, కార్తీకకు ఆ క్షణం నుంచే కాలు నిలవడం లేదు.

ఆ ఇంటిది బ్యాండేజీ గుడ్డ వ్యాపారం. సత్రపట్టి ఊళ్ళో మగ్గాల మీద నేసిన పలచటి గుడ్డ తానులు తానులుగా తమిళనాడు రాజపాళయంలోని వాళ్ళ ఇంటికి వస్తుంది. పెరట్లో షెడ్డు ఉంది. అక్కడ కోసి, చుట్టి, పొట్లాలు కట్టి ఊళ్ళకు పంపుతారు. షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళకు శనివారం శనివారం కూలి ఇస్తారు. కార్తీక వాళ్ళ పక్కనే కూర్చుని, వాళ్ళకన్నా ముందు మొదలుపెట్టి, వాళ్ళు చేతులు దులుపుకుని వెళ్ళిపోయాక వంటింట్లో దూరేది. దాన్ని పని అని మాత్రం ఎవరూ అనలేదు. “ఇంట్లో ఊరికే దా ఉండాది, పొద్దు పోవొద్దా?” అని చుట్టాలతో చెప్పేది అత్త. కడుపులో ఇద్దరున్నారని తెలిశాక కూడా తానులు దించమంటే దించింది, ఎత్తమంటే ఎత్తింది. తీరా బిడ్డలు ముందే పుట్టేసరికి, ఆసుపత్రి వరండాలో నలుగురూ వినేలా అదే అత్త, “నిలపెట్టుకునే సత్తువ లేదు ఈమెకు” అంది. భర్త బాలాజి పక్కనే ఉండి, “అమ్మ మనసులో ఏమీ ఉండదు, విడు” అన్నాడు. మనసులో ఏమీ లేకుండా నోట్లోకి అన్ని మాటలు ఎక్కడినుంచి వస్తాయో కార్తీకకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోతే, ఒకరోజు డాక్టరమ్మను అడిగేసింది, తప్పు నాదేనా అని. కవలలు చాలామంది తొందరగానే పుడతారమ్మా, అందులో నీ తప్పేమీ లేదు అని ఆమె మామూలుగా చెప్పేసి, పక్క బిడ్డను చూడ్డానికి వెళ్ళిపోయింది. కార్తీక గోడకు ఆనుకుని తనివితీరా ఏడ్చింది. ఏడ్చాక ఆకలేసింది.

ఆకలి సంగతి వచ్చింది కాబట్టి పాండీశ్వరి సిస్టర్ గురించి చెప్పాలి. అచ్చంగా తమిళం మనిషి. పొద్దున వార్డులోకి రాగానే ఆమె మొదటి ప్రశ్న బిడ్డల గురించి కాదు, “సాప్టియామా?” అని. తిన్నావా అని. మొదటి రోజు కార్తీక వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో అడుగుతోందేమోనని. అత్తగారింట్లో కార్తీక అందరినీ అడిగే ప్రశ్న అది. ఆమెను అడిగినవాళ్ళు లేరు. తల్లి బతికున్నప్పుడు అడిగేది.

ఆ సిస్టరే ఒకరోజు కుర్చీ వేసి కూర్చోబెట్టి, జాకెట్టు విప్పించి, ముందు పుట్టిన ఆడబిడ్డను తెచ్చి రొమ్ముల మధ్య బోర్లా పడుకోబెట్టింది. బిడ్డ చేతికి సూది గుచ్చిన చోట బ్యాండేజీ గుడ్డ చుట్టి ఉంది. ఎన్ని వేల చుట్టలు చుట్టిన చేతులో కార్తీకవి, ఇంత చిన్న చేతికి కూడా ఆ గుడ్డ పడుతుందని ఎప్పుడూ అనుకోలేదు. సిస్టర్ పైనుంచి మెత్తటి గుడ్డ కట్టి, “ఇక కూర్చో. నీ ఒంటి వేడే మందు” అంది. కార్తీక కూర్చుంది. కూర్చోవడమే పని అని ఆమెకు పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఆమె కూర్చుంటే ఎవరో ఒకరికి కాఫీ కావలసి వచ్చేది. ఇక్కడ లేవబోతే తిట్టారు. కాసేపటికి బిడ్డ ఊపిరి కుదురుకుంది, పాలిపోయిన పెదాల్లోకి రంగు వచ్చింది. కార్తీకకు ఎగిరి గంతేయాలనిపించింది. బిడ్డ మీదుంది కాబట్టి కాలి వేళ్ళు మాత్రం ఆడించుకుంది. ఆ తర్వాత మగబిడ్డ వంతు. ఒకరు ఆమె మీద ఉంటే ఇంకొకరు వేడి దీపం కింద, ఇలా మార్చుకుంటూ మార్చుకుంటూ ఇద్దరూ బుగ్గలు తెచ్చుకున్నారు.

సంచి సర్దడం పూర్తికాకముందే బాలాజి వచ్చేశాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, వేలికి తిరుగుతున్న కారు తాళంచెవి. డాక్టరమ్మ వార్డులోనే మొగుడూ పెళ్ళాలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

“ఇక్కడ వేడి దీపం ఉంది. ఇంట్లో ఉండదు. ఇంకొన్నాళ్ళు ఇద్దరికీ మనిషి ఒంటి వేడి కావాలి. ఇద్దర్నీ రోజంతా ఒక్కదానివే కట్టుకుని కూర్చోలేవమ్మా. నువ్వు ఒకరు. రెండో మనిషి ఎవరు?”

“అంతా ఆమే చూసుకుంటాది డాక్టర్,” అన్నాడు బాలాజి.

“ఆమెను లెక్కలోకి తీసుకున్నాను. రెండో మనిషిని అడుగుతున్నాను.”

బాలాజి తల గోక్కుని తల్లికి ఫోన్ చేశాడు. పంకజవల్లి గొంతు గదంతా వినబడింది. “రొమ్ముకు కట్టుకోని ఇద్దరు కూర్చొంటే పొయ్యి ఎవరు చూసేది? షెడ్డులో ఆర్డర్ అట్లే ఉండాది. మొగబిడ్డను ఆమె పెట్టుకోనీ. ఆడబిడ్డను దుప్పట్లో చుట్టి ఊయల్లో వేస్తే చాలు. ఆడబిడ్డలు గట్టి.”

గట్టి. ఆ మాట కార్తీకకు బాగా తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఆమెనూ అలాగే మెచ్చుకున్నారు, మా కోడలు గట్టి మనిషి అని. వినడానికి ఎంత బాగుండేదో. మెచ్చుకున్న ప్రతిసారీ నెత్తికి ఇంకో తాను ఎక్కేది. జ్వరమొచ్చినా గట్టిదే, కడుపుతో ఉన్నా గట్టిదే, ఇక అడగడానికేముంది. ఇప్పుడు మోచేతి పొడుగైనా లేని పిల్లకు, ఇంకా పేరైనా పెట్టకముందే, ఆ బిరుదు తగిలిస్తున్నారు. చలికి వణికినా నోరెత్తకుండా ఊయల్లో పడి ఉండమని. కార్తీకకు ఒళ్ళు మండింది. భయం కూడా వేసింది, ఎందుకంటే తను ఇప్పుడు ఊరుకుంటే అలాగే జరుగుతుందని ఆమెకు తెలుసు.

బాలాజి ఫోన్ పెట్టేసి లేచాడు. కార్తీక లేవలేదు.

“డాక్టరమ్మా, మేము ఈ రోజు పోము. ఇంకా ఇక్కడ ఉండనిస్తారా?”

“రెండో మనిషి నేర్చుకునేదాకా ఉండు,” అందావిడ.

బాలాజి వంగి గుసగుసలాడాడు. “ఏమి మాట్లాడతా ఉండావు కార్తీ? పొద్దున నుంచి ఇంటికి ఇంటికి అని నువ్వే దా తొందర చేసినావు. అమ్మ ఆరత్తి కలిపి పెట్టింది.”

“నాకు ఇంటికి రావాలనే ఉంది. మీరు సట్ట తీయండి.” అతని చొక్కా వైపు చెయ్యి చూపించింది కార్తీక.

“ఏమి?”

“సట్ట తీయండి. మీ ఒంట్లో వేడి లేదా?”

“నేనా? మొగోణ్ణి, ఇట్లా... ఎవరన్నా చూస్తే?”

“చూడనీ. నన్ను రోజూ చూసినారు.” గొంతు పెంచలేదు. పెళ్ళయ్యాక ఆయన్ను ఆమె నోరు తెరిచి ఒక పని చేయమనడం ఇదే. “కోపంతో చెప్పలే. మీ అమ్మ చెప్పినట్ల నా కూతుర్ని ఊయల్లో వేయను. మీరు కట్టుకుంటే వస్తాను. లేదంటే ఇక్కడే ఉంటాను.”

బాలాజి చెడ్డవాడు కాదు. అద్దం అవతల నిలబడి బిడ్డల్ని చూస్తూ కళ్ళు తుడుచుకోవడం కార్తీక చూసింది. తుడుచుకున్నాక ఏం చేయాలో అతనికి ఎవరూ నేర్పలేదు, అంతే. తాళంచెవి జేబులో వేశాడు. తెర వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. తర్వాత ఒక్కొక్క గుండీ విప్పడం మొదలుపెట్టాడు.

పాండీశ్వరి సిస్టర్ అతనితో మోచేతులదాకా సబ్బు పెట్టి కడిగించింది, కుర్చీలో వెనక్కి వాల్చింది. ఆడబిడ్డను తెచ్చి ఛాతీ మీద పడుకోబెట్టి గుడ్డ కట్టింది. బాలాజి కొయ్యబారిపోయాడు. కాసేపటికి, పెదాలు మాత్రం కదిలిస్తూ, “సిస్టర్, నేను ఊపిరి తీసుకోవచ్చా?” అని అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. పక్క మంచాల మీది ఆడవాళ్ళు నవ్వాపుకోలేక నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. తీసుకోండి సార్, మీరు తీసుకుంటేనే బిడ్డ నేర్చుకుంటుంది అని సిస్టర్ నవ్వింది.

“కార్తీ, కదలతా ఉంది. కాలు పెట్టి తంతా ఉంది నన్ను.” అన్నాడు బాలాజి.

పక్క కుర్చీలో కొడుకును కట్టుకుని కూర్చున్న కార్తీకకు సంతోషం ఆగలేదు. నలుగురూ ఒకే చోట, ఒకేసారి వెచ్చగా ఉండటం ఇదే మొదలు. ఈ గదికీ, ఈ సిస్టర్‌కూ, రెండో మనిషి ఎవరని నిలబెట్టి అడిగిన డాక్టరమ్మకూ ఏమని దణ్ణం పెట్టాలో తెలియలేదు. చేతులు ఖాళీ లేక మనసులోనే పెట్టుకుంది.

కుర్చీకి తగిలించిన చొక్కా జేబులో ఫోన్ మోగింది. బాలాజి బిడ్డ లేస్తుందని వేలు కూడా కదపలేదు. కార్తీక చేయి చాచి తీసింది.

“యాడ ఉండారు? నల్లనేరం దాటిపోతా ఉండాది,” అంది పంకజవల్లి. “ఇంకా అక్కడ ఏమి చేస్తా ఉండాడు వాడు?”

“మీ కొడుకు పని నేర్చుకుంటా ఉండారు అత్తా,” అంది కార్తీక. “నేర్చుకున్నాక వస్తాము.”