చొక్కా నమూనా లోపలి వైపు

గుడ్డ మీద ఖాకీ కాగితపు నమూనా పరిచి ఆమె సుద్దగీత గీస్తోంది. కూర్చుని చేసే పనికి కూడా అలుపేమిటని పక్కగదిలోంచి అత్తగారు అన్నది. వినీ వినీ అరిగిపోయిన మాటే. అయినా చెయ్యి ఆగింది. నమూనా తిరగేసి, లోపలి వైపు పెన్సిలుతో రెండు వాక్యాలు రాసింది.

ఏళ్లుగా ఇదే పద్ధతి. మొదలు చేతి ముక్క మీద, తరువాయి వీపు ముక్క మీద, ఇంకొంత కాలరు మీద. ఏ ఒక్కటి దొరికినా పూర్తిగా దొరకదని ధైర్యం. కొత్తకాపురంలో అక్కకు రాసిన ఉత్తరం భర్త చేతిలో పడింది. చుట్టాల ముందు గొంతు మార్చి చదివాడు. మా ఇంట్లో రచయిత్రి పుట్టిందండోయ్ అన్నాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతుంటే ఆమె కాఫీ గ్లాసులు ఏరుకుంది.

ఒకరోజు ఉదయం, కుట్టు షెడ్డులో పనిచేసే పక్కింటావిడ చొక్కా చేతి నమూనా అడిగితే, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చేతికందినది ఇచ్చేసింది. ఏది ఇచ్చిందో తెలిసేసరికి మధ్యాహ్నమైంది. పరుగున వెళ్లింది.

షెడ్డులో ఒక్క మిషనూ తిరగడం లేదు. పక్కింటావిడ చదువుతోంది. "నేను కుట్టిన చొక్కా వేసుకుని ఆయన బయటికెళతారు. ఎవరు కుట్టారని అడిగితే, ఇంట్లోనే అయిపోయిందంటారు. దానంతటదే అయినట్టు."

కాజాలు కుట్టే ముసలావిడ చేతిలో సూది అలాగే ఉండిపోయింది. "ఇది నా మాటే. నాకు రాయడం రాదు గదా, ఎలా బయటికొచ్చింది?"

ఆమె గుమ్మంలోనే ఆగింది. తన ఒక్కదాని కడుపులో దాగిందనుకున్నది అక్కడ పదిమంది ముఖాల మీద ఉంది. ఒక్కరూ నవ్వడం లేదు. తన పెన్సిలు ముక్కకి ఇంతమంది చేతులు ఆగాయా అనుకుంది.

పక్కింటావిడ ఆమెను చూసి తడబడింది. "ఎవరో రాసి పడేసిన కాగితం నీకు దొరికిందేమోలే అక్కా" అని సర్దబోయింది.

తల ఊపితే చాలు, తప్పించుకోవచ్చు.

"నేనే రాశాను," అంది. "తరువాయి వీపు ముక్క మీద ఉంది. రేపు తెస్తాను."

సాయంత్రం భర్త ఎదురుగానే బల్ల నిండా కొత్త కాగితం పరిచింది. కత్తెర తీయలేదు. పెన్సిలు చెక్కుకుంది. ఎవరి చొక్కా అని ఆయన అడిగాడు.

"చొక్కా కాదు, రాసుకుంటున్నాను," అంది తలెత్తకుండా. "అయ్యాక చదవండి. గొంతు మార్చకుండా."