చెరువు గోడలో పోటు గీతలు

కాట్రేనికోన దిగువన రొయ్యల చెరువు తవ్విస్తున్న మా తమ్ముడు అప్పలరాజు, మధ్యలో పని ఆపేసి నన్ను పిలిపించాడు. ఒకప్పుడు అక్కడ ఉప్పుటేరు పాయ ఉండేది. తొంభై ఆరు తుపాను రాత్రి మా ఆయన దుర్గారావు నావతో సహా మాయమైంది ఆ చుట్టుపక్కలే. తర్వాత పాయ పూడిపోయింది. నేను మాత్రం బొట్టు తియ్యలేదు. ఎక్కడో తేలి ఉంటాడు, ఎప్పటికో వస్తాడని నా మొండితనం. కాదన్న ప్రతివాళ్ళతోనూ మాటలు మానేశాను. ఆ లెక్కన సగం ఊరితో నాకు మాటల్లేవు.

మిషను కోసిన చోట మనిషెత్తు గోడ నిలబడి ఉంది. దాని నిండా అడ్డగీతలు. తెల్లటిది, నల్లటిది, మళ్ళీ తెల్లటిది.

"ఏంటే ఇవి?" అన్నాను అప్పలరాజు కూతురు సత్యప్రియతో. అది విశాఖలో రాళ్ళ గురించి చదువుతోంది.

"సముద్రం పోటుతోపాటు ఇసక వస్తుందత్తా. నీళ్ళు నిలబడ్డాక సన్నటి ఒండ్రు దానిమీద కూర్చుంటుంది. పోటుకో జత. చారల చారల రాళ్ళు చూసేవు కదా, వాటిల్లో కొన్ని ఇలా మొదలైనవే. మీద బరువు పడి, లక్షల ఏళ్ళు నొక్కుకుపోతే రాయైపోతాయి."

పోట్ల సంగతి నాకు చెప్తుందా! గీతలు కొంతదూరం లావెక్కి, మళ్ళీ సన్నబడుతున్నాయి. లావువి అమావాస్యవీ పున్నమివీ, సన్నవి అష్టమివి. అదీ నేను చూపిస్తే పిల్ల నోరు తెరిచింది.

నా గర్వం అంతటితో సరి. ఒకచోట గీతలన్నీ పైకి లేచి మళ్ళీ కిందికి దిగాయి, దుప్పటి కింద ఎవరో పడుకున్నట్టు.

"లోపల ఏదో ఉందత్తా. మట్టి దానిమీదుగా పేరుకుంది," అంది సత్యప్రియ మెల్లగా.

"పూడ్పించేస్తానక్కా. ఇన్నేళ్ళయ్యేక నీకెందుకు?" అన్నాడు అప్పలరాజు.

"తవ్వించు. ఆ రాత్రే పోయాడో, బతికి బయటపడ్డాడో నాకు తెలియాలి."

"ఆయ్, చేత్తోనే తవ్వుతామండీ," అన్నాడు మిషను నడిపే శ్యామ్ బాబు.

బోర్లాపడిన నావ బయటపడింది. ముక్కుకి మా ఆయన తన చేత్తో కొట్టిన రాగి రేకు. పలకలు ఊడదీస్తే లోపలినుంచి పాత ఒండ్రు వాసన గుప్పుమంది. ఒక మూలకి సత్యప్రియ తన చున్నీ కప్పేసింది. అక్కడేముందో నేను అడగలేదు. పోనీలే, ఒక్క దెబ్బలో పోయాడు, బాధ పడలేదు అనుకున్నాను.

నావ లోపలా గీతలున్నాయి. అంచు కిందనుంచి పోటు లోపలికీ వచ్చేదన్నమాట. సత్యప్రియ చాకుతో పైనుంచి ఒక్కో పొరా లేపి, దిక్కు మారకుండా పక్కన పరిచింది. పైవన్నీ నున్నగా ఉన్నాయి. ఒకదాని మీద సన్నటి గీరలు కనిపించాయి. దాని కింద పొర మీద ఇంకా లోతుగా, ఐదు వేళ్ళూ తెలిసేలా. అంచు కింద దారి చేసుకోవాలని గోకిన వేళ్ళు. కొత్త పోటు వచ్చి పూడ్చడం, మళ్ళీ గోకడం. ఆ కిందదీ అంతే. తుపాను తెచ్చిన ముతక ఇసక తగిలేదాకా అంతే.

"ఎన్ని?" అన్నాను.

"తొమ్మిదత్తా."

రోజుకి రెండు పోట్లు. అంటే నాలుగున్నర రోజులు. అప్పలరాజు నా మొహం చూడలేదు.

తుపాను వెళ్ళిన మూడో రోజు పొద్దున్న మావాళ్ళు వెదురు గెడలు పట్టుకుని ఈ పాయకే వచ్చారు. ఒండ్రులో పొడుచుకుంటూ పోతే శవం ఉన్నచోట గెడకి తగులుతుంది. బతికున్నవాడి కోసం ఎవరైనా గెడ దింపుతారా? నేను గట్టుమీద అడ్డం నిలబడ్డాను. "నా మొగుడు బతికున్నాడు! గెడ దింపినవాడి చెయ్యి విరగ్గొడతాను!" అని గొంతు చించుకుని అరిచాను. అప్పలరాజు నాకు ఎదురుచెప్పలేక అందర్నీ వెనక్కి తీసుకెళ్ళిపోయాడు.

"ఐదోది చూపించు," అన్నాను. ఆ పొద్దుటి పోటుది అదే.

మిగతా ఎనిమిదింటిమీదా గీరలు నావ ముక్కు దగ్గరే ఉన్నాయి. ఐదోదాని మీద మాత్రం ముక్కు దగ్గర ఒక్కటీ లేదు. అన్నీ పక్కకి, నేను నిలబడి అరిచిన గట్టు వైపుకి.