చదివిపెట్టే పిల్ల

ఫోను మూడోసారి గుర్రుమంది. తల్లి చొక్కాకి బొత్తాం కుడుతూనే, "చూడవే, కంపెనీ మేస్త్రీ అయ్యుంటాడు" అంది. కూతురు ఫోను తీసి చూసి, నేలమీద బోర్లా పెట్టింది.

"ఏమంటాడు?"

"ఏం లేదమ్మా. ప్రకటన."

తల్లికి అక్షరం ముక్క రాదు. కానీ కూతురి మొహం చదవడానికి బడికి వెళ్ళనక్కర్లేదు. పొద్దుటినుంచీ ఆ పిల్ల పన్నెండు చొక్కాలకి బొత్తాలు కుట్టి, వాటిలో ఆరింటికి గుర్తు మీద కాకుండా పక్కన కుట్టింది. పది చొక్కాలు కుడితే వచ్చే కూలి ఒక పాల పాకెట్టుకి సరి. తప్పు కుట్టినవాటికి అదీ రాదు, పైగా మేస్త్రీ తిట్లు.

"ఫోను ఇలా తే."

"వద్దమ్మా."

"నా ఫోను నాకివ్వడానికి వద్దేంటే?"

ఆ పిల్ల మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పేసింది.

పద్నాలుగేళ్ళ ఆ పిల్లని సందులో అందరూ చదువులమ్మ అంటారు. అందులో సగం వెక్కిరింత, సగం ముద్దు. సందులో ప్రతి గదిలోనూ ఫోనుంది, అందులో వచ్చింది చదవగల తల్లి మాత్రం లేదు. రోజూ పదింటికి కుళాయి వచ్చేవేళకి ఒక్కొక్కరూ ఫోను చాచి, "చదివిపెట్టవే" అంటారు. ఎవరి పిల్లలు వాళ్ళకుండగా ఈ పిల్లే ఎందుకంటే, ఉన్నదున్నట్టు చదువుతుంది. ఆస్పత్రివాళ్ళు రమ్మన్నారన్నా, కూలి పడలేదన్నా, చెడ్డ కబురని మింగేయదు. అందుకే బిందెల వరసలో ఆమెకి ఎప్పుడూ ముందు చోటు.

ఇరవై రోజుల కింద ఫోనులో ఒక దరఖాస్తు వచ్చింది. ఆడపిల్లలకి ఇంట్లోనే పని, ఫోనులోనే శిక్షణ, నెల జీతం తల్లి రెండు నెలల కూలంత. పైన గుండ్రటి ముద్ర కూడా ఉంది. పుట్టినా దరఖాస్తే, పోయినా దరఖాస్తే, మధ్యలో మందుబిళ్ళకీ దరఖాస్తే అయిన సందులో దాన్ని అనుమానించేదెవరు? తనొక్కతే బాగుపడితే బాగుండదని చదువులమ్మ ఇంకో ఆరుగురు పిల్లల్ని పిలిచింది. నీలం గోడ ముందు నిలబెట్టి, "తల పైకెత్తవే, ఉద్యోగానికి వెళ్ళేదానిలా ఉండు" అంటూ తనే ఫొటోలు తీసింది. పేర్లూ, అమ్మానాన్నల నంబర్లూ తనే నింపి పంపింది.

శనివారాలు రేకుల షెడ్డులో పాఠం చెప్పడానికి వచ్చే టీచర్ ముందే హెచ్చరించింది. ముక్కూమొహం తెలియనివాళ్ళకి ఫొటోలు పంపొద్దు. బెదిరిస్తే ఏమీ ఇవ్వొద్దు. వాడి మాటలు చెరపొద్దు, అవే సాక్ష్యం. నమ్మిన పెద్దవాళ్ళకి చెప్పండి. అప్పుడొక పిల్ల, "పెద్దవాళ్ళకి చెబితే ముందు పగిలేది మా వీపే టీచర్" అంది. అందరూ నవ్వారు, టీచర్ నవ్వలేదు. చదువులమ్మకి తెలిసిన మోసగాడు ప్రేమించానంటాడు. వీడు ప్రేమ ఊసే ఎత్తలేదు, దరఖాస్తు నింపమన్నాడు. ఇప్పుడు ఆ ఫొటోలే పట్టుకుని బెదిరిస్తున్నాడు.

తల్లి చెయ్యి లేచింది. రెండు దెబ్బలు పడ్డాక ఆ చెయ్యే పిల్ల నెత్తిని పొట్టకి అదుముకుంది. తల్లి భయం వాడొక్కడి గురించి కాదు. ఆరుగురి ఇళ్ళలో ఆరుగురు తండ్రులున్నారు. ఆరు చదువులు ఈ రోజుతో ఆగిపోతాయి, ఆ ఉసురంతా తన కూతురికి తగులుతుంది. వాళ్ళలో ఒకదాని తల్లి చేపలమ్మ, ఆమెకి తెలిస్తే జుట్టు పట్టి ఈడుస్తుంది. పాపం, ఆమె కూతురు వారంగా జ్వరమని పడుకునే ఉంది.

"సిమ్ము విరిచేస్తాను. మధ్యాహ్నం బస్సుకి పిన్ని దగ్గరికి పో" అంది తల్లి. "ఎవరికీ చెప్పకు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది."

"మరి వాళ్ళారుగురూ?"

"వాళ్ళకి అమ్మలున్నారు."

"వాళ్ళ అమ్మలకీ చదువు రాదు కదమ్మా."

తల్లి ఫోను బొడ్లో దోపుకుని, బిందె పిల్ల చేతికిచ్చి, "మొహం కడుక్కో. నీళ్ళ దగ్గర మామూలుగా ఉండు" అంది.

కుళాయి అప్పటికే వచ్చింది. ఇస్త్రీ అత్త అలవాటుగా ఫోను చాచింది. "చదివిపెట్టవే తల్లీ. గ్యాసువాడేనా?"

"గ్యాసే అత్తా. రేపు తెస్తారట." పిల్ల ఫోను తిరిగిచ్చింది. తర్వాత తల్లి బొడ్లోంచి తమ ఫోను లాగింది. తల్లి పిల్ల మణికట్టు పట్టుకుంది. పిల్ల విడిపించుకోలేదు, తల్లి మొహంలోకి చూస్తూ అలాగే నిలబడింది. కాసేపటికి ఆ పట్టు దానంతటదే వదులయింది.

"ఇంకోటుంది. ఇది మనందరికీ వచ్చింది" అంది చదువులమ్మ. కరెంటు బిల్లు చదివే గొంతుతోనే చదివింది. "పదకొండుకి బస్టాండుకి ఒక్కదానివే రా. రాకపోతే మీ ఏడుగురి మొహాలూ పాడు బొమ్మలకి అతికించి మీ నాన్నల ఫోన్లకి పంపుతా. ఎవరికైనా చెప్పావో, ముందు నీదే."

బిందె నిండి పొర్లుతోంది. చెంబెడు నీళ్ళకి తలలు పగలగొట్టుకునే ఆ సందులో ఎవరూ కుళాయి కట్టలేదు.

"ఆ ఫొటోలు తీసింది నువ్వే కదే" అంది ఇస్త్రీ అత్త.

"నేనే అత్తా. దరఖాస్తు నిజమనుకున్నాను. నేను బస్టాండుకి వెళ్ళను. దీన్ని చెరపను కూడా. టీచర్ దగ్గరికి వెళ్దాం, మీరందరూ రండి."

"వెళ్తే ఊరంతా తెలీదూ?" అంది వెనకనుంచి ఒకామె. ఎవరూ కదల్లేదు. అప్పుడు వరస చివరినుంచి చేపలమ్మ బిందె దించి, జనాన్ని తోసుకుంటూ వచ్చింది. తల్లి చటుక్కున కూతురికి అడ్డం నిలబడింది.

చేపలమ్మ కొట్టలేదు. తల్లి భుజం మీదుగా తన ఫోను చాచింది.

"మా పిల్ల వారంగా అన్నం ముట్టట్లేదు. జ్వరమనుకుని బిళ్ళలు మింగిస్తున్నాను" అంది. "రోజూ ఇవి వస్తున్నాయి. అడిగితే కంపెనీవంటుంది. ఏముందో చదువు."

పిల్ల నంబరు చూసింది. వాడిదే.

"పైకి చదవనా పెద్దమ్మా?"

చేపలమ్మ చుట్టూ ఉన్న మొహాలన్నీ ఒకసారి చూసింది. "పైకే చదువు."

తల్లి వెళ్ళి, అందరికీ వినపడాలని, కుళాయి కట్టేసింది.